ఒక్క 'గెట్' కోసం కొన్న లావుపాటి డిక్షనరీ, ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ మీద నా రివ్యూ

కాల్‌లో అవతలి నుంచి క్లయింట్ "డిడ్ యు గెట్ దట్?" అని అడిగారు, నేను ఠక్కున "నో సర్, నాట్ రిసీవ్డ్, ప్లీజ్ సెండ్ ఎగైన్" అనేశాను. రెండు సెకన్లు ఎవ్వరూ మాట్లాడలేదు. తర్వాత మా లీడ్ మ్యూట్ తీసి ఏదో సర్దిచెప్పింది. ఆయన అడిగింది మెయిల్ గురించి కాదు, అప్పటిదాకా పది నిమిషాలు ఆయన వివరించింది నాకు అర్థమైందా అని. చెవులు వేడెక్కిపోయాయి నాకు, కాల్ అయిపోయాక వాష్‌రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇక్కడ హైదరాబాద్‌లో బ్యాక్ ఆఫీస్ జాబ్ చేస్తూ రోజుకి నలభై మెయిల్స్ రాసే మనిషిని, గెట్ అనే మూడక్షరాల మాట నాకు రాదా అని ఆ రోజంతా అదే ఆలోచన.

ఇంటికెళ్ళి నా పాత పాకెట్ డిక్షనరీ తీశాను, ఇంటర్‌లో ఉన్నప్పుడు బస్టాండ్‌లో కొన్నది. అందులో గెట్ అంటే 'పొందు, సంపాదించు' అని రెండు మాటలు, అయిపోయింది. ఆ పుస్తకం చెప్పింది తప్పు కాదు, కానీ ఒక్కసారి ఆలోచించండి, మన ఇంట్లో ఎవరైనా 'పొందు' అంటారా? 'నేను ఉద్యోగం పొందాను' అని మా నాన్న ఎప్పుడూ అనలేదు, నాకు జాబ్ వచ్చిందనే అన్నాడు ఊరంతా. మనం మాట్లాడని తెలుగులో మనకి ఇంగ్లీష్ నేర్పితే ఆ ఇంగ్లీష్ నోట్లోకి ఎలా వస్తుంది చెప్పండి. నా బాధంతా అక్కడే మొదలైంది.

ఆ ఆదివారం అబిడ్స్ వెళ్ళాను. ఆదివారం షాపులు మూసేస్తే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడే దొరికింది ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ, ఎనిమిదో ఎడిషన్, 2010 ది. ఐదొందలు చెప్పాడు, "అన్నా, సీడీ లేదు, అట్ట కూడా ఊడుతోంది" అంటే మూడొందల యాభైకి ఇచ్చాడు. కొత్తది కావాలంటే 2020 లో వచ్చిన పదో ఎడిషన్ ఉంది, అందులో ముఖ్యమైన మాటల్లో ఒక్కోటి ఏ లెవెల్‌దో, అన్నిటికన్నా సులువైన ఎ-వన్ నుంచి మొదలుపెట్టి, పక్కనే గుర్తు కూడా వేశారు. నాకు ఆ పాతది చాలు అనిపించింది, గెట్ అనే మాట పదేళ్ళలో ఏం మారిపోదు కదా.

ఈ డిక్షనరీ గురించి ఒక విషయం తెలిశాక నాకు దాని మీద గౌరవం పెరిగింది. దీన్ని మొదలుపెట్టింది హార్న్‌బీ అనే ఇంగ్లీష్ టీచరు, ఆయన 1924 లో జపాన్ వెళ్ళి అక్కడి స్టూడెంట్లకి ఇంగ్లీష్ చెప్పాడు. వాళ్ళకి మామూలు ఇంగ్లీష్ డిక్షనరీలు పనికిరావని చూసి తోటివాళ్ళతో కలిసి వేరేగా ఒకటి తయారుచేస్తే అది 1942 లో ముందు టోక్యోలోనే వచ్చింది, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 1948 లో వేశారు. అంటే ఇది పుట్టిందే ఇంగ్లీష్ ఇంట్లో మాట్లాడని వాళ్ళ కోసం, మనలాంటి వాళ్ళ కోసం. అందుకే అర్థాలు కూడా సులువైన మాటల్లోనే చెప్తారు, బాగా వాడుకలో ఉన్న ఒక మూడు వేల మాటల లిస్టు పెట్టుకుని వీలైనంత వరకు వాటితోనే వివరిస్తారు, ఆ మాటల పక్కన చిన్న తాళంచెవి బొమ్మ ఉంటుంది. ఒక మాట అర్థం చూడ్డానికి వెళ్ళి ఇంకో పది మాటలకి అర్థాలు వెతుక్కునే తిప్పలు చాలా తగ్గుతాయి.

ఇక అసలు సంగతి, గెట్. డైనింగ్ టేబుల్ మీద ఆ పేజీ తెరిచి చూస్తే ఎంట్రీ అలా సాగుతూనే ఉంది. కానీ భయపడాల్సిన పని లేకుండా ఒక్కో అర్థం ముందు పెద్ద అక్షరాల్లో చిన్న బోర్డులాగా ఒక మాట పెట్టారు, బస్సు మీద ఊరి పేరు ఉన్నట్టు. ఇది తీసుకోవడం-దొరకడం, ఇది తెచ్చిపెట్టడం, ఇది మార్కులు, ఇది జబ్బు, ఇది స్థితి మారడం, ఇది చేరుకోవడం, ఇది బస్సూ ట్యాక్సీ, ఇది భోజనం, ఇది ఫోనూ తలుపూ, ఇది అర్థంకావడం. ఇదిగో ఈ చివరి దగ్గర ఆగిపోయాను. అండర్‌స్టాండ్ అని అంత పెద్ద అక్షరాల్లో ఉంది, నేను కాల్‌లో మిస్సయింది అదే. ఎవరైనా ఒక్కసారి ఈ పేజీ నాకు ఇంటర్‌లో చూపించి ఉంటే బాగుండేది అని నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రోజు నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని ఆ ఎంట్రీలో ఉన్న ఒక్కో వాక్యం రాసి పక్కన మా ఇంట్లో ఎలా అంటామో అలా తెలుగు రాయడం మొదలుపెట్టాను, పుస్తకం తెలుగు కాదు, మా ఇంటి తెలుగు. ఐ గాట్ ఎ లెటర్, నాకు ఉత్తరం వచ్చింది. షి గాట్ గుడ్ మార్క్స్, దానికి మంచి మార్కులొచ్చాయి. ఐ గాట్ ఎ షాక్, నాకు షాక్ కొట్టినంత పనైంది. హి గాట్ ఫ్లూ, వాడికి ఫ్లూ వచ్చింది. ఐ గాట్ యాంగ్రీ, నాకు కోపమొచ్చింది. రెండు పేజీలు నిండాక కుడివైపు చూస్తే దాదాపు అన్నీ వచ్చింది, వచ్చింది, వచ్చాయి! అప్పుడు వెలిగింది నాకు. మన తెలుగులో వస్తువే మన దగ్గరికి నడిచొస్తుంది, నాకు జాబ్ వచ్చింది, నాకు జీతం వచ్చింది, నాకు జ్వరం వచ్చింది, జాబూ జీతమూ జ్వరమూ అన్నీ వచ్చేవే, మనం 'నాకు' అని పక్కన కూర్చుంటాం. ఇంగ్లీష్‌లో మనిషిని ముందు నిలబెట్టి మనిషితోనే ఆ పని చేయిస్తారు, ఐ గాట్. అందుకే మనవాళ్ళు 'ఫీవర్ కేమ్ టు మీ', 'యాంగర్ ఈజ్ కమింగ్ టు మీ' అంటారు, అది తెలివి తక్కువై కాదు, తెలుగు వాక్యం అంత గట్టిగా లోపల ఉంది కాబట్టి. ఇక నుంచి నోట్లోకి 'నాకు ఏదో వచ్చింది' అని వస్తే దాన్ని ముందు 'ఐ గాట్' చేసి చూడండి, చాలాసార్లు సరిపోతుంది. పొందు అనే మాట పూర్తిగా వదిలేయండి.

చాలాసార్లు అన్నాను, అన్నిసార్లూ కాదు. నాకు కల వచ్చింది అంటే ఐ గాట్ ఎ డ్రీమ్ అనకూడదు, ఐ హ్యాడ్ ఎ డ్రీమ్ అనాలి. నాకు ఏడుపొచ్చింది, నాకు నవ్వొచ్చింది అంటే ఐ ఫెల్ట్ లైక్ క్రయింగ్, ఐ ఫెల్ట్ లైక్ లాఫింగ్. నాకు గుర్తొచ్చింది అంటే ఐ రిమెంబర్డ్. నాకు ఈత వచ్చు అంటే అసలు గెట్‌తో పనే లేదు, ఐ కెన్ స్విమ్. నాకు డౌట్ వచ్చింది అనేది ఇంకో తలనొప్పి, మన దగ్గర క్లాసులో డౌట్ అంటే ప్రశ్న, బయటివాళ్ళకి డౌట్ అంటే నమ్మకం లేకపోవడం, కాబట్టి క్లయింట్ కాల్‌లో ఐ హావ్ ఎ క్వశ్చన్ అనడమే మంచిది. ఇలాంటివి పట్టుకోవడానికి నాకు దొరికిన దారి ఏంటంటే గెట్ దగ్గర కాకుండా ఆ రెండో మాట దగ్గర వెతకడం, డ్రీమ్ పేజీకి వెళ్తే దానికి ముందు ఏ క్రియ వస్తుందో వాక్యంతో సహా ఉంటుంది. ఈ డిక్షనరీలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ వాక్యాలే, అర్థం చదవకపోయినా వాక్యం చదివితే సగం పని అయిపోతుంది.

ఒక చిన్న 'ఎ' ఎంత పని చేస్తుందో కూడా ఇక్కడే నేర్చుకున్నా. ఐ గాట్ ఎ కోల్డ్ అంటే జలుబు చేసింది. ఐ గాట్ కోల్డ్ అంటే చలేసింది, ఒళ్ళు చల్లబడింది. నేను లీవ్ మెయిల్‌లో ఎన్నేళ్ళు రెండోది రాశానో తలుచుకుంటే ఇప్పటికీ ఎలాగో ఉంటుంది, పొద్దున్నే చలేసింది కాబట్టి ఆఫీసుకి రాను అన్నట్టు!

ఇంకోటి, ఐ వాజ్ యాంగ్రీ, ఐ గాట్ యాంగ్రీ రెండూ ఒకటే అనుకునేదాన్ని. కాదు. కోపంగా ఉన్నా అనేది మొదటిది, కోపమొచ్చింది అనేది రెండోది, అప్పటిదాకా లేదు అప్పుడు వచ్చింది. ఐ యామ్ మ్యారీడ్ అంటే నాకు పెళ్ళయి ఉంది, ఐ గాట్ మ్యారీడ్ ఇన్ 2011 అంటే ఆ ఏడాది పెళ్ళయింది, ఆ రోజు జరిగింది. తెలుగులో ఉన్నా, అయ్యా అని మనం ఎంత తేలిగ్గా విడదీస్తామో ఇంగ్లీష్‌లో బీ, గెట్ అలా విడిపోతాయి. అన్నట్టు గాట్ మ్యారీడ్ టు అనాలి, విత్ కాదు, మనకి 'తో పెళ్ళి' కాబట్టి విత్ వచ్చేస్తుంది.

మా ఆయనకి ఉపయోగపడింది మాత్రం చేయించడం అనే అర్థం. ఆయన ఎప్పుడూ ఐ కట్ మై హెయిర్ అనేవాడు, అంటే అద్దం ముందు కత్తెర పట్టుకుని తనే కోసుకున్నట్టు. ఐ గాట్ మై హెయిర్ కట్ అనాలి, కటింగ్ చేయించుకున్నా. మనకి తెలుగులో ఎంత చక్కగా ఉందండీ ఇది, చేశా-చేయించా, కుట్టా-కుట్టించా, రాశా-రాయించా, మధ్యలో ఒక్క 'ఇంచు' పెడితే పని వేరేవాళ్ళ చేతికి వెళ్ళిపోతుంది. ఇంగ్లీష్‌కి ఆ సదుపాయం లేదు కాబట్టి గెట్ తెచ్చుకుంది. జాకెట్ కుట్టించుకున్నా, ఐ గాట్ మై బ్లౌజ్ స్టిచ్డ్. బండి రిపేర్ చేయించా, ఐ గాట్ ది బైక్ రిపేర్డ్. మనిషిని కూడా చెప్పాలంటే మధ్యలో 'టు' వస్తుంది, ఐ గాట్ హిమ్ టు సైన్, అతనితో సంతకం పెట్టించా. అదే మేక్ అయితే టు ఉండదు, ఐ మేడ్ హిమ్ సైన్. అర్థంలో కూడా తేడా ఉంది, మేక్‌లో బలవంతం వినిపిస్తుంది, గెట్‌లో బతిమాలో నచ్చజెప్పో ఒప్పించినట్టు ఉంటుంది. గెట్ వరకు ఈ వాక్యాల తీరు ఆ ఎంట్రీలోనే ఉంది.

అయితే ఇదే అచ్చులో ఉండి చేయించడం కానివి కూడా ఉన్నాయి, జాగ్రత్త. షి గాట్ హర్ ఫింగర్ కాట్ ఇన్ ది డోర్ అంటే వేలు తలుపు సందులో పెట్టించుకుందని కాదు, పడి నలిగిందని. మా పాప ఇది చదివి "అమ్మా, కావాలని ఎవరు పెట్టుకుంటారు" అంది, అంతే, వాక్యం చూస్తే తెలిసిపోతుంది.

పాప ఆరో క్లాసు, ఇంగ్లీష్ మీడియం, నాకంటే బాగా మాట్లాడుతుంది, కానీ దానికీ ఒకటి కొత్త. బస్సులో "మమ్మీ, నెక్స్ట్ స్టాప్ వియ్ హావ్ టు గెట్ డౌన్" అంటుంది. మన దగ్గర అందరం అంతే అంటాం, కండక్టర్ నుంచి లెక్చరర్ దాకా, ఎందుకంటే మనకి దిగడమే కదా, దిగు అంటే డౌన్. బ్రిటన్‌లో బస్సుకి గెట్ ఆఫ్, కారుకి గెట్ అవుట్. గెట్ డౌన్ అని అక్కడ పిల్లలు భోజనం బల్ల దగ్గర నుంచి లేవడానికి పెద్దవాళ్ళని అడుగుతారు. నా ఉద్దేశంలో మన గెట్ డౌన్ తప్పేం కాదు, దేశం మొత్తం మాట్లాడేది తప్పెలా అవుతుంది, హైదరాబాద్ బస్సులో హాయిగా అనండి, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీష్ టెస్ట్ రాసేవాళ్ళు మాత్రం గెట్ ఆఫ్ గుర్తుపెట్టుకోండి. అలాగే కెన్ యు గెట్ ది డోర్ అంటే తలుపు తెచ్చిపెట్టమని కాదు, ఎవరో వచ్చారు వెళ్ళి తియ్యమని. గెట్ ది ఫోన్ అంటే మోగుతుంటే ఎత్తమని. 'పొందు' తో వీటి దగ్గరికి వెళ్ళే దారే లేదు.

డల్లాస్‌లో మా ఆడపడుచు గాటెన్ అంటుంది, మొదట్లో తప్పు మాట్లాడుతోందేమో అనుకున్నాను. అక్కడ అదే కరెక్ట్. బ్రిటిష్‌లో గెట్-గాట్-గాట్, అమెరికాలో గెట్-గాట్-గాటెన్. అమెరికాలో ఐ హావ్ గాట్ ఎ కార్ అంటే నాకు కారుంది, ఐ హావ్ గాటెన్ ఎ కార్ అంటే కొత్తగా సంపాదించా, రెంటికీ తేడా చూపిస్తారు. డిక్షనరీలో ఏది ఏ దేశందో పక్కనే రాసి ఉంటుంది, కాబట్టి మనవాళ్ళు ఎక్కడుంటే అక్కడిది పట్టుకోవచ్చు. ఇంకో ముచ్చట, ఫర్‌గెట్‌లో ఉన్న గెట్ కూడా ఇదే వంశం. చేతిలో ఉన్నది జారిపోవడం లాంటిదేమో మర్చిపోవడం అని నాకు నేను అనుకున్నాను, అప్పటి నుంచి ఆ మాట మర్చిపోలేదు.

ఆఫీసు వాళ్ళకి ఒక మాట. గెట్ ఎంట్రీలో 'రిసీవ్' లాంటి అర్థాల ముందు బ్రాకెట్లో ప్యాసివ్ ఉండదు అని చిన్న గుర్తు ఉంటుంది, నేను మొదట అలాంటివి చూడకుండా దాటేసేదాన్ని, దాటకండి. 'యువర్ మెయిల్ వాజ్ గాట్' అని రాయకూడదని ఆ గుర్తు చెప్తుంది, వాజ్ రిసీవ్డ్ అనాలి. అలాగే గెట్ మాట్లాడే మాట, ఫార్మల్ లెటర్‌లో రిసీవ్, అబ్‌టైన్, బికమ్ లాంటివి బాగుంటాయి. కాల్‌లో గెట్, కాంట్రాక్ట్‌లో రిసీవ్, నేను అలా పెట్టుకున్నా.

ఇక మైనస్‌లు చెప్పకపోతే రివ్యూ కాదు. ఇందులో ఒక్క తెలుగు అక్షరం ఉండదు, ఇంగ్లీష్ చదివి ఇంగ్లీష్‌లోనే అర్థం చేసుకోవాలి, కాబట్టి పదో తరగతి ఇంగ్లీష్ అయినా తడుముకోకుండా చదవగలిగితేనే కొనండి, ఇప్పుడే ఎ బి సి డి మొదలుపెట్టిన మా అత్తయ్యలాంటి వాళ్ళకి ఇస్తే భయపడిపోతారు. అక్షరాలు చిన్నవి, నలభై దాటినవాళ్ళకి కళ్ళజోడు కావాలి. కాగితం పల్చన, నేను తడిచేత్తో తిప్పి ఒక మూల చింపుకున్నాను. బరువు ఎంత అంటే బ్యాగులో వేసుకుని ఆఫీసుకి తీసుకెళ్ళడం కుదరని పని. పలకడం చూపించే గుర్తులు కూడా అలవాటయ్యేదాకా కష్టమే, దానికి వాళ్ళ వెబ్‌సైట్‌లో అదే డిక్షనరీ ఫ్రీగా ఉంది, స్పీకర్ బొమ్మలు రెండుంటాయి, ఒకటి నొక్కితే బ్రిటిష్‌లో, ఇంకోటి నొక్కితే అమెరికన్‌లో పలుకుతుంది, మెట్రోలో నేను అదే వాడతా. అలాంటప్పుడు పుస్తకం ఎందుకు అంటారేమో, ఫోన్‌లో ఒక అర్థం చూసి మూసేస్తాం, పుస్తకంలో ఆ పేజీ మొత్తం కళ్ళ ముందు పరుచుకుని ఉంటుంది, ఒకటి వెతుకుతుంటే పక్కది కంటపడుతుంది, నా 'వచ్చింది' నాకు అలాగే దొరికింది.

తెలుగు అర్థాలు కూడా కావాలంటే ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ ఒకటి పక్కన పెట్టుకోండి, ఆంధ్రభారతి సైట్‌లో బ్రౌన్ దొర నిఘంటువు దగ్గర నుంచి చాలా ఒకేచోట వెతుక్కోవచ్చు. బ్రౌన్ ఇంగ్లీష్-తెలుగు నిఘంటువు 1852 నాటిది కాబట్టి తెలుగు పాతగా ఉంటుంది, కానీ ఒక్క మాటకి మనవాళ్ళు ఎన్ని రకాలుగా చెప్పేవాళ్ళో చూడ్డానికి బాగుంటుంది.

రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగున్నర, ఆ సగం తెలుగు లేనందుకు తీశాను. తెలుగు మీడియం నుంచి వచ్చి జాబ్‌లో ఇంగ్లీష్‌తో నలిగిపోతున్న వాళ్ళెవరైనా ఉంటే, స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకి వేలకి వేలు కట్టే ముందు ఒక ఆదివారం అబిడ్స్ వెళ్ళి పాతది ఒకటి తెచ్చుకోండి, కొనేముందు అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడి గెట్ పేజీలు తిరగేయండి, సెకండ్ హ్యాండ్‌లో మధ్యలో పేజీలు పోయినవి కూడా అమ్ముతారు. నా నోట్‌బుక్‌లో గెట్ పన్నెండు పేజీలైంది, పోయిన వారం టేక్ మొదలుపెట్టాను.